దస్తగిరమ్మను చంపిన సంచిక

పోయిన నెలలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు హర్షిత. ఆదోనిలో నేను చదివిన కాలేజీలోనే ఇప్పుడు డిగ్రీ చదువుతోందట, కాలేజీ పత్రికకు విద్యార్థి సంపాదకురాలట. పాత సంచికల్లోంచి మంచివి ఏరి ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నామని చెప్పింది. "మీరు ఎడిటర్‌గా ఉన్న సంచిక లైబ్రరీ బీరువాలో దొరికింది సార్. అంచులు ఎలుకలు కొరికినాయి గానీ, లోపలంతా బాగానే ఉంది" అంది. ఎలుకలు అంచులతో ఎందుకు ఆగాయి, మొత్తం తినేసి ఉంటే పీడా పోయేది కదా అనుకున్నాను. అరవై దాటినవాణ్ణి, సభల్లో సాహిత్యం గురించి నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడినవాణ్ణి, చివరికి ఎలుకల మీద ఆశ పెట్టుకునే స్థితికి వచ్చాను.

హర్షిత ఆగలేదు. "అందులో 'మా అమ్మ మిల్లు' అని ఒకటి ఉంది సార్, మాబున్ని అనే ఆమె రాసింది. మా క్లాసులో చదివి వినిపిస్తే అందరం ఏడ్చినాం సార్. ఆ చివర ఉంది చూడండి, ముక్కు దగ్గర పెట్టిన దూదిపింజ కదలలేదు అని, అసలు ఎట్ల రాసింది సార్ ఆమె! అదే మొదట వేస్తున్నాం. ఆమె అడ్రసు తెలుసా సార్? కామా మార్చినా రాసినవాళ్లను అడగాలని మా మేడం రూలు." ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ దూదిపింజ వాక్యాన్ని ఆ పిల్ల మెచ్చుకుంటుంటే, ఒక్క క్షణం నాకు లోపల తియ్యగా అనిపించింది. ఎందుకంటే ఆ వాక్యం మాబున్ని రాయలేదు, నేను రాశాను. వాక్యమొక్కటే కాదు, ఆ చావే నేను రాశాను. ఆ సంచిక అచ్చయిన నాటికి మాబున్ని వాళ్లమ్మ దస్తగిరమ్మ నిక్షేపంగా బతికి ఉంది. రోజూ పొద్దున్నే మిల్లుకు పోతూనే ఉంది.

నేను చెప్పకపోతే ఆ చావు మళ్లీ అచ్చవుతుంది, మళ్లీ మాబున్ని పేరుతోనే. ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫోన్‌లోనే చెప్పెయ్యవచ్చు, రెండు నిమిషాల పని. కానీ "అడ్రసు కనుక్కుని చెప్తాలేమ్మా" అని పెట్టేశాను. ముసలితనం వస్తే మనిషి మారతాడంటారు గానీ, నా విషయంలో అదేమీ జరగలేదు.

ఆ రోజుల్లో నేను మా మామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. మాది గోనెగండ్ల దగ్గర పల్లె. అమ్మ తమ్ముడు శేషప్ప మామ ఆదోనిలో పత్తి మండీలో గుమాస్తా. రెండు గదుల ఇల్లు, ముందర ఒక వసారా, ఆ వసారాలోనే నా పెట్టె, నా చాప, నా సాహిత్యం. పొద్దున్నే అత్త బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉగ్గాని చేసేది. పోపులో పచ్చిమిరపకాయలు పడగానే ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లం. పత్తి కాలం వచ్చిందంటే మాత్రం ఊరంతా దగ్గేది. కరెంటు తీగల మీద, చూరుల మీద, చెట్ల కొమ్మల మీద, ఆఖరికి టీ గ్లాసులో మీగడ మీద కూడా దూది నూగు పడేది. మామ సాయంత్రం ఇంటికి రాగానే గడప బయట నిలబడి తువ్వాలుతో ఒళ్లంతా దులుపుకునేవాడు. అయినా అత్త ఊరుకునేది కాదు, వెనక్కి తిప్పి వీపు మళ్లీ దులిపేది. మామకు ఒక అలవాటు ఉండేది. చేతికి దూది తగిలితే చాలు, అది పరుపులోది కానీ దీపపు వత్తిలోది కానీ, కొంచెం పీకి రెండు బొటనవేళ్ల మధ్య లాగి పింజ పొడవు చూసేవాడు. చూసి ఫలానా ఊరి నేలది అనేవాడు. అది నిజమో కాదో మాకు ఎప్పుడూ తెలియలేదు, ఆయన మాత్రం ఒక్కసారీ అనుమానపడలేదు.

ఆయనకు రెండో అలవాటు, అచ్చు మీద నమ్మకం. పకోడీలు కట్టిన కాగితం కూడా నూనె మరకల మధ్య పూర్తిగా చదివి గానీ పారేసేవాడు కాదు. చదివేటప్పుడు పైకి చదివేవాడు. అత్త జొన్నరొట్టెలు తడుతూ వినేది. కాగితం సగంలో చిరిగిపోయి ఉంటే మిగతా సంగతి ఏమై ఉంటుందని భోజనాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నేను కాలేజీ పత్రికకు ఎడిటర్‌ని కదా, చదవడం అంటే ఏమిటో నాకొక్కడికే తెలుసు అనుకునేవాణ్ణి.

పత్రిక గది అంటే సైకిల్ స్టాండు పక్కన విరిగిన బెంచీలు పడేసే గది. అందులో ఒక బల్ల వేయించుకుని, జేబులో ఎర్ర సిరా పెన్ను పెట్టుకుని, నేను రాజ్యం ఏలాను. తెలుగు సారు సలహాదారు. ఆ ఏడు ఆయనకు ఇంట్లో పెళ్లి పనులుండి "నువ్వే చూసుకో నాయనా" అని నాకు వదిలేశాడు. కాబట్టి తప్పు పంచుకోవడానికి కూడా ఎవరూ లేరు. మంచి రచన అంటే ఏడిపించాలని నాకొక గట్టి అభిప్రాయం. చావు లేని కథ చేతికొస్తే, పాపం ఇది ఇంకా పూర్తి కాలేదు అనిపించేది. ఆ సంచికలో మొత్తం ఐదు చావులున్నాయి. ఒక రైతు, ఒక సిపాయి, ఒక ప్రేమికుడు, ఒక ఎద్దు, దస్తగిరమ్మ. మొదటి నాలుగూ రాసినవాళ్ల సొంతం.

మాబున్ని నాకంటే ఒక ఏడు కింద. దూదేకులవాళ్లు. నాయన ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు, అమ్మది గింజ నుంచి దూది వేరుచేసే జిన్నింగు మిల్లులో యంత్రానికి పత్తి అందించే పని. ఆ పిల్ల పత్రిక గదికి వచ్చిన రోజు లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో గీతల కాగితాలు ఆరు, మడత పెట్టి ఉన్నాయి.

"అన్నా, ఇది వేసుకుంటారా?"

"కథా, వ్యాసమా?" అన్నాను, తలెత్తకుండా.

"ఏమో అన్నా. మా అమ్మ గురించి. సూసి సెప్పు. బాగలేకుంటే బాగలేదని సెప్పు, ఏమనుకోను."

ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నాకు నా ముఖం అద్దంలో చూసుకోబుద్ధి కాదు. చూసి చెప్పమని అడిగింది, అంతే. నేను "సరే, చూస్తాలే" అన్నాను. ఆ పూటే మొదటి పేజీలు చదివాను, అవి బాగున్నాయని నాకూ తెలిసింది. దస్తగిరమ్మ మిల్లు నుంచి వచ్చేసరికి కనుబొమ్మల మీద, రెప్పల మీద నూగు పట్టి తెల్లగా ఉంటుందట. వాకిట్లో ఆడుకునే చిన్న తమ్ముడు అవ్వ వచ్చింది, అవ్వ వచ్చింది అని అరుస్తాడట. ఆమె కూడా నిజంగానే అవ్వ మాదిరి నడుం వంచి, లేని కట్టె పట్టుకుని లోపలికి వస్తుందట. మొహం కడుక్కుంటే మళ్లీ అమ్మ. యంత్రాల మోతలో పని చేసే మనుషులు కాబట్టి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడుతుందని, గుసగుసలాడినా నాలుగిళ్లకు వినిపిస్తుందని రాసింది. దగ్గు గురించి కూడా రెండు వాక్యాలు ఉన్నాయి. ఆ దగ్గు దగ్గర నా కళ్లు మెరిశాయి. ఇంకేముంది, ఈ మనిషిని చంపొచ్చు అనుకున్నాను.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని, మామ పరుపులోంచి దూది పీకి చూస్తుంటే, నాకు ఆ వాక్యం తట్టింది. దగ్గి దగ్గి ఒక తెల్లవారుజామున ఆ తల్లి పోయింది, ఊపిరి ఉందేమోనని ముక్కు దగ్గర దూదిపింజ పెట్టారు, అది కదలలేదు. బతుకంతా దూదిలో గడిపిన మనిషికి ఆఖరి తీర్పు దూదే చెప్పింది. ఇంత గొప్పగా రాసినవాడు ఆదోనిలో మరొకడు లేడని నాకు నేనే చెప్పుకున్నాను. మరునాడు ప్రెస్సువాళ్లు మేటరు తొందరగా ఇమ్మన్నారు, స్థలం నాలుగు పేజీలకే ఉందన్నారు. మాబున్ని చివరి రెండు పేజీల మీద ఎర్ర సిరాతో ఆ మూల నుంచి ఈ మూలకు గీత కొట్టి, నా కాగితం జతచేసి పంపాను. కంపోజింగు అయిపోయాక రాతప్రతులన్నీ ప్రెస్సులో ఒక తీగకు గుచ్చి వేలాడదీసేవాళ్లు, కొన్నాళ్లకు అవి చిత్తుకాగితాల్లో పోయేవి. అవీ పోయాయి. మాబున్నికి ఒక్క మాట చెప్పాలని కూడా తోచలేదు. చెప్పాల్సినంత మనిషిగా ఆ పిల్లను నేను చూడలేదు, అంతే.

సంచిక వచ్చిన రోజు ఒకటి మామకు ఇచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని, సంపాదకీయం దగ్గర మొదలుపెట్టి వరసగా పైకి చదివాడు. అత్త పొయ్యి దగ్గర నుంచి వింది. 'మా అమ్మ మిల్లు' దగ్గరికి వచ్చేసరికి అత్త రొట్టె తట్టడం ఆపింది. చివర దూదిపింజ రాగానే కొంగుతో కళ్లొత్తుకుంది. మామ అద్దాలు తీసేశాడు.

"అయ్యో, దస్తగిరమ్మ పోయిందా? మన సరుకు పోయే మిల్లులోనే గదా పని. మొన్న గూడ కనపడిండె గదరా."

నాకు గుండె ఝల్లుమనాలి. అనలేదు. అత్త కన్నీళ్లు చూస్తూ ఉబ్బిపోయి కూర్చున్నాను. "అది రచన మామా" అని గొణిగాను కాబోలు. ఆయన వినిపించుకోలేదు. "అచ్చులో ఉండాది, అబద్ధం ఎట్లయితాది" అన్నాడు. మరునాడు పొద్దున ఆ సంచికను చంకలో పెట్టుకుని, ఆమెతో పని చేసేవాళ్లను పలకరించి వద్దామని దారిలో మిల్లు దగ్గర ఆగాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఆయన ముఖం పాలిపోయి ఉంది. గడప బయట దులుపుకోవడం కూడా మరచిపోయి లోపలికి వచ్చాడు. "ఒరేయ్, ఆయమ్మ బతికే ఉండాది" అన్నాడు. దస్తగిరమ్మే ఎదురొచ్చి, ఏమయ్యా ఇట్ల వచ్చినావు అని అడిగిందట. ఈయన నోరు పెగలక పుస్తకం చూపించాడట. పనివాళ్లు చుట్టూ మూగారు. ఏం రాసినారు, సదువు సదువు అన్నారు. మా మామ చేతిలో అచ్చుకాగితం ఉండి, చదవమని అడిగేవాళ్లు ఉంటే ఇంక ఆగుతాడా? మిల్లు వాకిట్లో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఆయమ్మ ఎదురుగానే ఆయమ్మ సావు సదివినాను రా. ఆ సావు వస్తాదని తెలుసు నాకు. మధ్యలో ఎట్ల ఆపాల్నో తెలీలే."

"ఆమె ఏమన్నది?" అంది అత్త.

"ఏమనలే. అంతా ఇనింది. కనుబొమ్మల మీద నూగు తుడుసుకొని లోపలికి పోయింది."

ఆ రోజు నేను కాలేజీకి పోలేదు. మరునాడు పోతే పత్రిక గది దగ్గర మాబున్ని ముందే వచ్చి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, గొంతు మాత్రం పెంచలేదు. "అన్నా, మా అమ్మ సచ్చిపోయినట్లు రాసినావు. నేను రాయలేదంటే ఇంట్లో నమ్మడం లేదు. అడుగున నా పేరు ఉండాది గదా. నువ్వొచ్చి నేనే రాసినానని ఒక్క మాట సెప్పు. అంతకంటే ఏమొద్దు" అంది. సరే అన్నాను. దారి పొడుగునా చెప్పాలనే అనుకున్నాను కూడా.

వాళ్లది మిల్లుల వెనక సందులో ఇల్లు. గదిలో సగం దూది మూటలే. ఏకిన దూదికి ఒక వాసన ఉంటుంది, ఎండలో వేసిన పాత బట్టల వాసన. ఆ వాసన మధ్య దస్తగిరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు ముందే వచ్చి కూర్చున్నారు. బతికున్న మనిషిని పరామర్శించడానికి వచ్చారన్నమాట. నాకు పీట వేశారు, టీ ఇచ్చారు. సగం తాగాక ఆమె అడిగింది. నిజంగానే గట్టి గొంతు.

"ఏమప్పా, నా సావు రాసింది మా పాప కాదంట, నువ్వంట. నిజమేనా?"

మాబున్ని తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తోంది. పక్కింటి ఆడవాళ్లు చూస్తున్నారు. ఒక్క మాట. అవునమ్మా, నేనే. ఆ ఒక్క మాట అనడానికి నేను భయపడ్డాను. ప్రిన్సిపాల్‌కు తెలుస్తుందని, సంచికను పోటీకి పంపాలని, ఇట్లాంటి కారణాలు తర్వాత చాలా ఏరుకున్నాను. అవేవీ కావు. ఆ గదిలో, ఆ నలుగురి ముందు, ఒక్క నిమిషం సిగ్గుపడాల్సి వస్తుందని భయపడ్డాను.

"లేదమ్మా. వచ్చింది వచ్చినట్టు వేసినాము" అన్నాను.

దస్తగిరమ్మ కూతురి వైపు ఒకసారి చూసింది. అంతలో పక్కింటామె, "ఎంత సదువుకుంటే మాత్రం కన్నతల్లిని ఇట్ల రాస్తారా మ్మా" అని అందుకుంది. అప్పుడు దస్తగిరమ్మ నవ్వింది. "అయ్యో, అది కాదు మ్మా. ఆ మధ్య మిల్లు కాడ నన్ను కాకి తన్నింది. సుట్టాలందరికీ మనిషిని పంపేకి యాడ తీరుతాది? నువ్వు పుస్తకానికి రాస్తాండావు గదా, అందులోనే నేను సచ్చిపోయినానని రాసేయ్ పాపా, అందరికీ ఒకేసారి తెలిసిపోతాదని నేనే సెప్పినా. నిన్న అంతమందిలో బయటపడి సెప్పల్లంటే మొహమాటమాయ" అంది.

మా వైపు ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. నెత్తిన కాకి తంతే అది చావుకు సూచన అంటారు. ఆ దోషం పోవాలంటే, ఆ మనిషి పోయిందని దగ్గరివాళ్లకు ఉత్తుత్తి కబురు పంపుతారు. వాళ్లు ఏడ్చుకుంటూ పరుగెత్తుకొస్తారు. ఏడ్చాక, కాకి తన్నిందిలే, బతికే ఉంది అని చెప్తారు. ఆ ఏడుపుతో గండం గడిచిపోయినట్టు లెక్క. "అట్ల సెప్పు మరి, మాకు ముందే తెలియొద్దా" అంటూ పక్కింటి ఆడవాళ్లు నవ్వుకుంటూ లేచిపోయారు. నేనూ వాళ్ల వెంటే లేచిపోయాను. ఏ కాకీ తన్నలేదని నాకు తెలుసు. కూతురి పరువు కోసం ఆమె నా కళ్ల ముందే అది అల్లింది, నేను చెప్పాల్సిన నిజానికి బదులుగా. బయటికి వచ్చాక నాకు కలిగింది సిగ్గు కాదు. గండం గడిచిందన్న నిశ్చింత. సిగ్గు చాలా ఆలస్యంగా మొదలై, ఇప్పటిదాకా పోలేదు.

ఆ సంచికకు కాలేజీ పత్రికల పోటీలో బహుమతి వచ్చింది. స్టేజీ ఎక్కి తీసుకున్నాను, మాబున్ని కింద కూర్చుని ఉంది. వీడ్కోలు రోజున నేను సిగ్గు లేకుండా అడిగాను కూడా, వచ్చే ఏడు సంచికకు మంచిది ఒకటి రాయమ్మా అని. "రాసేది మానుకున్నా అన్నా" అంది, అంతే. తర్వాత ఆమె టీచరైందని, నందవరం వైపు ఏదో ఊళ్లో పని చేస్తోందని, పెళ్లై ఎమ్మిగనూరులో స్థిరపడిందని అప్పుడప్పుడూ చెవిన పడేది. ఆదోనికి ఎమ్మిగనూరు ఎంత దూరమని. మంత్రాలయానికి చుట్టాలను తీసుకుని ఎన్నిసార్లు పోలేదు నేను ఆ చుట్టుపక్కలకు. ఆ ఊళ్లో మాత్రం దిగలేదు.

హర్షిత రెండోసారి ఫోన్ చేసి "సార్, అడ్రసు" అన్నాక ఇంక తప్పించుకునే దారి లేక పోయిన ఆదివారం బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ, రాసింది దిద్దుకుంటూ పోయాను. ఎడిటర్ బుద్ధి. కాలం ఎంత మారిందని కూడా అనుకున్నాను. అప్పుడు ఆరు కాగితాలు నా చేతిలో పడితే వాటి గతి నా ఇష్టం. ఇప్పుడు ఇరవై ఏళ్లు నిండని పిల్ల, ఒక కామా కోసం నలభై ఏళ్ల కిందటి రచయిత్రిని వెతుకుతోంది. ఎమ్మిగనూరులో దిగి రిటైరైన టీచరమ్మ మాబున్ని అంటే ఇద్దరు ముగ్గురిని అడిగేసరికి ఇల్లు దొరికింది.

తలుపు తీసింది ఆమే. జుట్టు నెరిసింది, మందపాటి అద్దాలు. నేను పేరు చెప్పబోతే, "తెలుసు అన్నా. రా, కూర్చో" అంది. నీళ్లిచ్చింది. పిల్లలు, ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు, అన్నీ అయ్యాయి. అసలు సంగతికి రావడానికి దారి వెతుక్కుంటూ, గొంతు తగ్గించి అన్నాను.

"అమ్మ పోయి ఎన్నేండ్లయింది మ్మా?"

ఆమె నా వైపే కాసేపు చూసింది. "మళ్లా సంపినావా అన్నా" అంది.

లోపలి గదిలోంచి అదే గట్టి గొంతు వినిపించింది. "ఎవరు పాపా వచ్చింది?"

అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. బస్సులో వస్తూ అన్నీ రాసుకున్నాను గదా, ఆ మనిషి బతికి ఉండవచ్చు అన్న మాట ఒక్కటి రాసుకోలేదు. దస్తగిరమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. చూపు ఆనడం లేదు, చేతులు మాత్రం ఆగడం లేదు. మాబున్ని నన్ను ఆమె ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుని నిలబడింది. సాయం చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు.

"అమ్మా, నేను ఆదోని కాలేజీలో పుస్తకం వేసినవాణ్ణి. ఆ పొద్దు మీ ఇంట్లో కూర్చొని అబద్ధం చెప్పినాను. నువ్వు చనిపోయినట్లు రాసింది నేనే. మాబున్ని రాయలేదు."

చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది. నాతో కాదు, కూతురితో అంది. "పాపా, నువ్వు ఆ పొద్దే సెప్పినావు గదా."

"సెప్పినా మ్మా."

"నేను నమ్మలే. ఈయప్ప సదువుకున్నోడు, ఊరికే ఏంటికి అబద్ధం సెప్తాడనుకున్నా. వాళ్లంతా పోయినాక నిన్ను కొట్టినా. పెండ్లీడు బిడ్డను, పరుపులు కొలిసే బద్దతో కొట్టినా."

"ఎప్పటి సంగతో లే మ్మా అది."

"ఎప్పటిదైతే ఏమి. మిల్లుకు పోయే అమ్మ ఉండేదానికంటే లేకుంటేనే బాగుంటాదని ఈ బిడ్డ రాసుకుందని అనుకున్నా నేను. ఇన్నేండ్లు ఈ ఇంట్లో, ఈ బిడ్డ కూడే తింటా, కడుపులో అదే పెట్టుకున్నా." ఆమె ఏడవలేదు. చిక్కుడుకాయలు ఉన్న చాటను పక్కకు జరిపింది. "ఆ పొద్దు ఒక్క మాట సెప్పింటే ఏం పోయేదప్పా నీది?" అని అడిగింది. క్షమించమ్మా అన్నాను. ఆ మాటను ఆమె తీసుకోనూ లేదు, వద్దననూ లేదు.

ఆ రచనను కాలేజీవాళ్లు మళ్లీ వేస్తున్నారని, ఆపించి, ఆ ముగింపు నాదని చెప్తానని అన్నాను. "ఎప్పుడు సెప్తావు?" అంది మాబున్ని. రేపు అన్నాను. "ఇప్పుడే సెయ్యి. నా ముందర. గట్టిగ ఇనపడేట్లు పెట్టు" అంది. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పిన గొంతు అది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి హర్షితకు మొత్తం చెప్పాను. దూదిపింజతో సహా, పక్కింటి ఆడవాళ్లతో సహా. ఆ పిల్ల అంతా వింది. తర్వాత, "అయితే ఆమె రాసిన అసలు ముగింపు ఏంది సార్? అదే వేస్తాం" అంది.

నేను మాబున్ని వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అప్పుడేదో రాసినా. గుర్తు లేదు" అంది. మళ్లీ చేస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. గుర్తు లేదన్న మాట ఆమె మరీ తొందరగా అన్నది. దస్తగిరమ్మ కూడా అది గమనించినట్టుంది. కూతుర్ని వదిలేసి నా వైపు తిరిగి, మంచం అంచుకు జరిగింది.

"నువ్వు సెప్పప్పా. ఆ కాగితాలు కొట్టేసినోనివి నువ్వే గదా, సదివే గదా కొట్టేసింటావు. నా బిడ్డ నా గురించి ఏమి రాసింది?"

నా ముగింపు నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు, ఇప్పటికీ. ఆ రెండు పేజీల్లో ఏముందో చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక్క ముక్క లేదు. మరచిపోయి కాదు. మరచిపోయానని అంటే ఇద్దరూ నమ్మేవాళ్లు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చదవలేదమ్మా" అన్నాను. "నా ముగింపు ముందురోజే రాసిపెట్టుకున్నాను. ఆ పేజీలు చదవకుండానే కొట్టేసినాను."

దస్తగిరమ్మకు అర్థం కాలేదేమో, కూతురి వైపు తిరిగింది. మాబున్ని గోడ వదిలి నిటారుగా నిలబడింది. అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"సదవలేదా?" అంది. "బాగలేదని కొట్టేసినావనుకున్నా అన్నా, ఇన్నేండ్లు."